మద్దెల ముట్టరాని రోజు

పాలగుంట, కాణిపాకం దగ్గర
జూన్

చిరంజీవి ధరణికి మామ ఏకాంబరం ఆశీస్సులు.

ఇక్కడ అందరూ క్షేమం, సిద్ధమ్మ తప్ప. ఆమె మంగళవారం పొద్దున పోయింది. పొయ్యి మీద అన్నం పెట్టి, గడప మీద కూర్చొని, అట్లే ఒరిగిపోయిందట. మంచి చావు అని ఊరంతా అంటున్నారు. నాకూ కొంచెం అసూయగానే ఉంది.

ఈ కాలంలో ఉత్తరాలేమిటని నువ్వు నవ్వుతావు. గొంతు ఆపరేషన్ అయినాక ఫోను నాకు సగమే పనిచేస్తుంది. నీ మాట నాకు వినిపిస్తుంది, నా మాట నీకు చేరదు. ఒక్క ఎడమ పక్కే వాయించిన మద్దెల మాదిరి ఉంటుంది ఆ సంభాషణ. ఆ బుల్లి అక్షరాల మీద వేలు పెడితే ఒకటి నొక్కితే ఇంకొకటి పడుతుంది. చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాగా ఒక జీవితమంతా రాసిన చెయ్యి ఇది. దీని మర్యాద కాగితం మీదే.

సిద్ధమ్మ ఇంటి ముందు మన భజన బృందం కూర్చుంది. తాళాలున్నాయి, హార్మోనియం ఉంది, మద్దెల లేదు. ఊళ్ళో మద్దెల వాయించే మనిషివి నువ్వొక్కదానివే, నువ్వేమో తడలో ఫ్యాక్టరీలో ఉన్నావు. శవం లేచేదాకా తత్వాలు ఆపకూడదు కదా, ఎవరో ప్లాస్టిక్ బిందె బోర్లించి కొట్టినారు. సిద్ధమ్మ కొడుకు నా దగ్గరికొచ్చి, "మద్దెల లేకుండానే మాయమ్మను పంపిస్తామా అన్నా?" అని అడిగినాడు. నేను రాసి చూపించే పలక పక్కన పెట్టి, మెడ మీది తువ్వాలు సర్దుకున్నాను.

నీ మీద నేరం మోపడానికి రాయడం లేదు. నేను పోయే రోజు సంగతి ఆలోచిస్తున్నాను. ఏ ఇంట్లో చావైతే ఆ ఇంటి మనుషులు ఆ రోజు తాళం గానీ మద్దెల గానీ ముట్టరాదు, అది మన బృందం కట్టుబాటు. నిన్ను పెంచింది నేను. నా ఇంటి మనిషివంటే నువ్వే. నువ్వు ఊళ్ళో ఉన్నా వాయించరాదు. మరి నాకెవరు వాయిస్తారు పాపా? బిందె చప్పుడు మీద పోవడం నాకిష్టం లేదు. ఎవరికైనా నేర్పు.

మీ ఆయన జయరావుకు నా ఆశీస్సులు చెప్పు.

మామ


తడ
జూన్

మామా,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. సిద్ధమ్మవ్వ పోయిందని ఏడుద్దామనుకుంటే రెండో పేజీలో నువ్వు పోయినావు. నీకు తొందరెందుకు?

నేను రాకపోవడం గురించి చెబుతాను, విను. ఏసీల కంప్రెసర్లు చేసే కొత్త లైను మా చేతుల్లో ఉంది. మిషన్లకు ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ప్రోగ్రాము నాది. ఒక మిషను చెయ్యి రెప్పపాటు ముందు కదిలితే పక్క మిషను చెయ్యి విరుగుతుంది. లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు. సిద్ధమ్మవ్వ సంగతి సాయంత్రం గేటు బయట తెలిసింది. అప్పటికి మీరు ఆమెను పంపించేసి స్నానాలు కూడా చేసి ఉంటారు.

తెలిసినా సెలవు దొరికేది కాదేమో. పోయిన సంవత్సరం దొరస్వామి తాత పోయినప్పుడు పరుగెత్తుకొచ్చాను, గుర్తుందా? తిరిగి పోతే మా మేనేజరు, "పోయినాయన మీకేమవుతారు మేడమ్?" అని అడిగినాడు. నాకు మద్దెల నేర్పినాయన అని చెప్పాను. "అట్ల కాదు, సంబంధం?" అన్నాడు. మన ఊళ్ళో ఎవరు పోయినా నాకు పనుంటుందని ఆయనకు ఎట్లా అర్థమవుతుంది? చావులకు పోయి వాయించే ఇంజనీరును ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. "మీ ఊళ్ళో ఎంతమంది ఉండారు మేడమ్?" అని నవ్వినాడు. నేను నవ్వలేదు.

ఇక నీ కట్టుబాటు. అది దొరస్వామి తాత పెట్టిన మాట, రాజ్యాంగం కాదు. పైగా పెళ్ళయి నా ఇంటిపేరు మారింది. లెక్కప్రకారం నేను నీ ఇంటి మనిషిని కాను. నీకు నేనే వాయిస్తాను. ఎవరు ఆపుతారో చూస్తాను. చాలా ఏళ్ళ తర్వాత సంగతి ఇది, ఇప్పుడు వాదన ఎందుకు?

మందులు వేసుకుంటున్నావా? అది రాయలేదు.

ధరణి


పాలగుంట
జూలై

చి॥ ధరణికి,

ఇంటిపేరు మారితే మనిషి మారుతుందని కంప్రెసర్లు చెప్పినాయా? జ్వరమొస్తే ఈ రోజుకీ "మామా" అనే కదా మూలుగుతావు, జయరావే చెప్పినాడు.

మీ రుక్మిణత్త పోయిన రోజు నువ్వు ఇంజనీరింగు పరీక్షల్లో ఉన్నావు, చూడలేదు. అందుకని రాస్తున్నాను. ఆ రోజు నేను తాళాలు తీసుకొని బృందంలో కూర్చున్నాను. ముందు పాట ఎప్పుడూ నాదే కదా, నా భార్యకు నేను పాడకపోతే ఎవరు పాడతారు అనుకున్నాను. నోరు తెరిచేలోపల దొరస్వామి మద్దెల పక్కన పెట్టి లేచి వచ్చినాడు. నా చేతుల్లో తాళాలు లాక్కున్నాడు. "లెయ్ ఏకాంబరం. ఇది మా పని. నీ పని ఆడుండాది, పో, ఆమె పక్కన కూర్చో" అన్నాడు. అందరి ముందరా. నాకు తల కొట్టేసినట్టయింది. చాన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు.

తర్వాత తర్వాత తెలిసింది. తాళం పట్టినోడికి తాళమే లోకం. తప్పుతుందేమోనన్న భయం, పక్కోడు అందుకున్నాడా లేదా అన్న చూపు, అయిపోయినాక బాగా జరిగిందన్న తృప్తి. ఆ రోజు నేను పాడి ఉంటే బాగానే పాడి ఉంటాను. రుక్మిణిని మాత్రం చూసి ఉండను. ఆమె చెవుల కమ్మలు ఎవరో తీస్తుంటే చూశాను, ఆ పక్కన కూర్చోబట్టి. అప్పుడు ఏడ్చాను. ఏడవబట్టే తర్వాత అన్నం తినగలిగాను.

నీ సంగతి నాకు తెలుసు. నువ్వు ఇంట్లో అయినా, ఫ్యాక్టరీలో అయినా, ఏదైనా పట్టుతప్పితే ఓర్చుకోలేవు. అందరికీ తాళం వేసి నిలబెట్టే మనిషివి. నన్ను కూడా అట్లే పని మాదిరి పంపించేస్తావు. నాకది వద్దు.

కోమలిని చూశాను. కాణిపాకం గుడి దగ్గర గరిక మాలలు అమ్ముతుంది, మన బృందంలో వెనక వరసలో పాడుతుంది. పాడేటప్పుడు తొడ మీద ఆమె చెయ్యి ఊరుకోదు. అడిగితే, "నాకా? మద్దెలా? యాడన్నా జరుగుతాదా పెద్దాయనా?" అని పకపకా నవ్వింది. నవ్విందే గానీ వద్దనలేదు. ఆదివారాలు వచ్చి నేర్పు.

మందులు వేసుకుంటున్నాను.

మామ


తడ
ఆగస్టు

మామా,

నువ్వు గెలిచావులే. మూడు ఆదివారాలుగా నీ వరండాలోనే కదా ఉన్నాం, నీకు కొత్తగా రాయడానికేముంది? అయినా రాస్తున్నాను. నీ ముందు నేనూ కోమలీ చెప్పుకోని సంగతులు కొన్ని ఉన్నాయి.

ఆమె కుడిచెయ్యి బంగారం. మాలలు కట్టి కట్టి వేళ్ళు వేటికవి పలుకుతాయి. ఎడమచెయ్యి మాత్రం చుట్టంలా వచ్చి కూర్చుంటుంది. మొదటి రోజు ఎడమ పక్క అంటించడానికి రవ్వ తడిపి ముద్ద చెయ్యమంటే, చేసి, చూసి, "అక్కా, ఇంత రవ్వకు నలుగురికి ఉప్మా అవతాది" అంది. తోలుకు మెత్తగా అంటించాలని చెప్పేసరికి నా కన్నా బాగా అంటించింది. ఆ గుమ్మనే శబ్దం మొదటిసారి తన చేతి కింద వచ్చినప్పుడు ఆమె ముఖం చూడాల్సింది నువ్వు. నువ్వు అప్పుడు లోపల పడుకొని ఉన్నావు.

నా కోపం కూడా ఆమెకు తెలిసిపోయింది. ఒకచోట తొందరపడితే చెయ్యి పట్టుకొని ఆపాను. "అక్కా, నేను నీ మిషన్ను కాదు" అంది. నవ్వుతూనే అంది, నాకు మాత్రం గుచ్చుకుంది. వచ్చేటప్పుడు తిరుపతి బస్టాండులో కూర్చొని అదే ఆలోచించాను. దొరస్వామి తాత నన్ను ఎప్పుడైనా చెయ్యి పట్టుకొని ఆపాడా? గుర్తులేదు. తప్పు వాయిస్తే ఆయన పాటను తప్పుకు తగ్గట్టు మలిచి వెంట వచ్చేవాడు. నాకా ఓపిక లేదు.

నిజం చెప్పాలంటే ఈ ఆదివారాలు బాగున్నాయి. సోమవారం పనిలోకి పోయినా అరచేతుల్లో ఆ మంట ఉంటుంది. మా కుర్రాళ్ళకు పని చెప్పేటప్పుడు కూడా గొంతు తగ్గిందని జయరావుతో ఎవరో అన్నారట.

పెరుగన్నం మెత్తగా చేసుకొని తిను. చిక్కినట్టు కనిపించావు.

ధరణి


పాలగుంట
నవంబరు

చి॥ ధరణికి,

దసరాకు వచ్చి పోయినావు, అంతే. దీపావళి కూడా పోయింది. నువ్వు రాలేదు.

కోమలికి ఫోను చేసి లైను పనిలో ఉన్నానన్నావు. నాకేమో, "కోమలికి ఇంకా చేతులు కుదరలేదు, అంత తొందరగా వచ్చే విద్య కాదు" అని మెసేజి పెట్టినావు. నాకు గొంతు పోయింది గానీ చెవులు పోలేదు. ఆమె ప్రతి ఆదివారం గుడి దగ్గర బుట్ట వాళ్ళ అత్తకు అప్పజెప్పి వస్తుంది. నా వరండాలో ఒక్కతే కూర్చొని నువ్వు చెప్పినంత మటుకు వాయించుకుంటుంది. ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక, అదే మళ్ళీ వాయించి, ఎండ వాలినాక లేచి పోతుంది. "అక్కకు నా మీద కోపమొచ్చిందా?" అని అడుగుతుంది. ఆమె చేతులు కుదిరినాయి పాపా. నేర్పేవాళ్ళే కుదరలేదు.

నేనొకటి రాస్తాను, కోపం తెచ్చుకోవద్దు. దసరాకు వచ్చినప్పుడు నేను స్నానం చేసి తువ్వాలు లేకుండా బయటికి వచ్చాను. నా మెడ కింద వాపు చూశావు. చూసి, నీళ్ళ బక్కెట్టు తీసుకొని దొడ్లోకి పోయినావు. ఏమీ అడగలేదు. ఆ ఆదివారమే ఆఖరు, మళ్ళీ నువ్వు మద్దెల విప్పలేదు.

కోమలికి రాకపోతే నేను పోకుండా ఆగుతాననుకున్నావా?

వేలూరు ఆస్పత్రిలో ఎండాకాలంలోనే చెప్పినారు. గొంతులో గడ్డ మళ్ళీ వచ్చిందనీ, ఇంక కోసేదానికి లేదనీ. నొప్పికి మందు రాసిచ్చినారు. నేను నీకు నేర్పమని ఉత్తరం రాసింది అక్కడినుంచి వచ్చిన వారంలోనే. నీ కొత్త లైను చెడిపోతుందని చెప్పలేదు. చెప్తే ఉద్యోగం వదిలేసి వచ్చి నా మంచం పక్కన కూర్చొని నన్ను సరిచేసేదానికి చూస్తావని కూడా చెప్పలేదు.

మద్దెల లేకుండా పోతే పోతాను, చచ్చినోడికి ఏం వినిపిస్తుంది. అది నా గురించే అయితే ఇంత రాయను. ఆ రోజు ఎవరూ వాయించేవాళ్ళు లేకపోతే నువ్వు ఊరుకోవు. కట్టుబాటు లేదు ఏమీ లేదు, లాక్కొని వాయిస్తావు. అంతా సరిగ్గా జరిపించి, మరుసటి రోజు బస్సెక్కి తడకు పోయి, అట్లే గట్టిగా ఉండిపోతావు. దానికి నాకు భయం.

మామ


తడ
నవంబరు

మామా,

చూశాను. బక్కెట్టు నింపడానికి పోలేదు, దొడ్లో నిలబడి గోడ పట్టుకున్నాను.

నేను తయారుచేసే లైన్లో ఒక్క మిషను సిద్ధంగా లేకపోయినా మొత్తం కదలదు. అట్లా ఆపడం నాకు తెలుసు. ఇంకేం రాయను.

శుక్రవారం సాయంత్రం బయలుదేరుతున్నాను. ఇక నుంచి శనివారాలు కూడా వస్తాను, మేనేజరుతో మాట్లాడాను. ఈసారి సంబంధమేమిటని అడిగితే నాయన అని చెప్పాను. ఆయన ఇంకేం అడగలేదు.

కోమలిని బుట్ట తొందరగా సర్దుకొని రమ్మను.

ధరణి


పాలగుంట
జనవరి

చి॥ ధరణికి,

అక్షరాలు వంకరపోతే నవ్వవద్దు. దిండ్లకు ఆనుకొని రాస్తున్నాను.

గానుగలు మొదలైనాయి. గాలి ఇటు తిరిగినప్పుడు బెల్లం ఉడికే వాసన గదిలోకి వస్తుంది. ఊపిరి మెడ కింది రంధ్రం గుండానే కదా ఇప్పుడు, ముక్కుతో పీల్చలేను, అయినా ఎట్లాగో తెలిసిపోతుంది. కోమలి లేత పాకం కొంచెం గిన్నెలో తెచ్చి నాలుక మీద రాసింది. మండీలో ఇన్నేళ్ళు బెల్లం దిమ్మెలు చూసి ధర చెప్పినాను గానీ ఇంత శ్రద్ధగా ఎప్పుడూ రుచి చూడలేదు.

సాయంత్రం కోమలి వాయిస్తుంది, బృందం వాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి పాడతారు. నేను మంచం పట్టె మీద వేలితో తాళం వేస్తాను. నువ్వు నేర్పిన మలుపులు బాగా పట్టింది. చివర ముగింపులో నీ మాదిరి గట్టిగా కొట్టి ఆపదు, చెయ్యి మెల్లగా తీసేస్తుంది. నువ్వు నేర్పింది కాదది. మొదట్లో నాకు నచ్చలేదు. ఇప్పుడు దానికోసమే చూస్తున్నాను.

నిన్న నువ్వు వెళ్ళేటప్పుడు నా కాళ్ళు ఒత్తుతూ, "మామా, నొప్పిగా ఉందా?" అని అడిగినావు. పలక అందలేదు, తల ఊపినాను. లేదని ఊపినాను. ఉంది పాపా. ఇంక నీ దగ్గర దాచడానికి ఓపిక లేదు, అందుకని రాస్తున్నాను. ఉంది, భయం కూడా ఉంది. నువ్వు పక్కనుంటే కొంచెం తగ్గుతుంది.

వచ్చే శనివారం పెందలాడే రా.

మామ


తడ
ఫిబ్రవరి

కోమలీ,

ఫోను చేస్తే ఎత్తడం లేదు. గుడి దగ్గరికి మనిషిని పంపిస్తే కనపడకుండా పోయినావట. కర్మాంతరం రోజు కూడా నువ్వు రాలేదు. మద్దెల గుడ్డ కప్పి మామ వరండాలో పెట్టిపోయినావు. అందుకని మామ పద్ధతిలోనే రాస్తున్నాను. ఉత్తరమైతే కట్ చెయ్యలేవు కదా.

ఎవరేమన్నారో నాకు తెలుసు. ఆ పక్కనే ఉన్నాను కదా, విన్నాను. "ధరణమ్మ వాయించి ఉంటే ఇట్లయ్యుండునా? అంత పెద్దాయన్ని పంపించేటప్పుడు మద్దెల ఆగిపోయ, ఏం అరిష్టమో" అన్నారు. నువ్వు అది విని తల వంచుకొని పోయినావు. ఇప్పుడు చెబుతున్నాను, నువ్వు సావధానంగా చదువు.

పొద్దున్నుంచీ నువ్వు వాయిస్తుంటే నేను మామ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. కూర్చున్నాను గానీ ఆయన్ని చూడలేదు కోమలీ. నీ చేతులనే చూస్తున్నాను. ఇక్కడ తొందరపడుతుందా, అక్కడ అందుకుంటుందా అని లెక్కపెడుతూ ఉన్నాను. నా వేళ్ళు ఆయన పాదాల మీదే తాళం వేస్తున్నాయి. నేను ఎట్లా ఉంటానని మామ భయపడ్డాడో అచ్చం అట్లే ఉన్నాను, కంటి వెంట చుక్క లేకుండా.

అప్పుడు పాడె కట్టి లేపడానికి మనుషులొచ్చారు. నువ్వు తలెత్తి ఆయన ముఖం చూసి, చెయ్యి ఆపేశావు. ఆ తర్వాత పడాల్సిన దెబ్బ ఏదో నాకు తెలుసు. నా చేతులు లేచినాయి. నాలుగడుగుల దూరంలో మద్దెల ఉంది. లేచి రావాలంటే ఆయన కాళ్ళు వదలాలి. వదల్లేకపోయాను.

అంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో నాకొకటి తెలిసింది. మామ గొంతు పోయి రెండేళ్ళయినా, ఎక్కడ మద్దెల మోగినా నాకు ఆ గొంతు వినిపిస్తూనే ఉండేది. పాడేది వేరేవాళ్ళయినా నేను ఆయన పాటకే వాయించేదాన్ని. ఆ సంగతి నాకే తెలియదు. నువ్వు చెయ్యి ఆపినాక అది కూడా ఆగిపోయింది. అప్పుడు ఆయన ముఖం చూశాను. చలికి ముడుచుకున్నట్టు చిన్నదైపోయి ఉంది. పెదవి పక్కన మందు మరక ఎండిపోయి ఉంది, ఎవరూ తుడవలేదు. కొంగుతో తుడిచాను. తుడుస్తూ తుడుస్తూ అరిచి ఏడ్చాను. నాకు అంత పెద్ద గొంతు ఉందని నాకే తెలియదు. నువ్వు విన్నావు కదా, విని భయపడ్డావేమో కూడా.

ఆ ఏడుపు మధ్యలోనే నువ్వు మళ్ళీ అందుకున్నావు. ఎంతసేపటికి అందుకున్నావో నేను లెక్కపెట్టలేదు. ఎవరో నన్ను పట్టుకొని నడిపించారు, నీ వాయింపు వెంట వీధి చివరిదాకా నడిచాను. అది లేకపోతే కాళ్ళు పడేవి కావు.

నేను వాయించి ఉంటే ఎక్కడా ఆగేది కాదు. ఊరంతా మెచ్చుకునేవాళ్ళు. మామను మాత్రం ఆ పూట నేను చూసి ఉండేదాన్ని కాదు. ఇది నిన్ను ఓదార్చడానికి అల్లిన మాట కాదు, నేను ఓదార్చే రకం కాదని నీకు తెలుసు.

నిన్న దొరస్వామి తాత కొడుకు ఫోను చేశాడు. వాళ్ళమ్మకు బాగలేదట, ఈ వారమో వచ్చే వారమో అంటున్నారట. "మద్దెలకు నువ్వొస్తావా అక్కా?" అని అడిగినాడు. వస్తానన్నాను. మద్దెల కోమలి వాయిస్తుంది, నేను ఆమె వెనక కూర్చొని తాళం పట్టుకుంటాను అని చెప్పాను.

ధరణి